చెల్లి తరఫున మాట్లాడాలా, అమ్మ తరఫునా?

గుంటూరు నుంచి ఒక అమ్మాయి పెద్ద ఉత్తరం రాసింది. తన పేరు, సంఘం పేరు, ఊళ్లో ఎవరైనా గుర్తుపట్టే వివరాలు రాయొద్దంది. అవి తీసేసి మిగిలింది చెబుతాను.

ఆమెకు 26 ఏళ్లు. అమ్మమ్మతో కలిసి రెండు గదుల ఇంట్లో ఉంటూ ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెబుతోంది. తల్లిదండ్రులు మిషనరీలు. ఈమెకు పదేళ్లప్పుడు కుటుంబమంతా ఆఫ్రికాలోని మలావీ వెళ్లి బ్లాంటైర్ శివార్లలో ఉండిపోయింది. డిగ్రీ చదవడానికి ఈమె ఒక్కతే వెనక్కి వచ్చింది. అక్కడ ఇంకా ఇద్దరు చెల్లెళ్లున్నారు. నడిపి అమ్మాయికి 19. చిన్నదానికి 13, అది పుట్టిందే అక్కడ.

ఆ ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో వివరంగా రాసింది. తెల్లవారుజామున ఐదింటికి కుటుంబ ప్రార్థన. తర్వాత నాన్నగారు పల్లెలకు వెళ్తారు, అమ్మ స్త్రీల కూటాలకు, సండే స్కూలు టీచర్ల శిక్షణకు వెళ్తుంది. ఇల్లు నడిపి అమ్మాయి చేతిలో ఉంటుంది. నీళ్లు పట్టాలి, చెల్లిని బడికి పంపాలి, కరెంటు పోతే బొగ్గుల కుంపటి అంటించాలి. మధ్యాహ్నానికి చెప్పకుండా వచ్చే నలుగురైదుగురికి న్సిమా, అంటే మొక్కజొన్న పిండితో చేసే ముద్ద, వండి పెట్టాలి. సాయంత్రం ఇంట్లోవాళ్లకు అన్నం, పప్పుచారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి ఎంతమంది భోజనానికొస్తారో ఎవరూ చెప్పలేరు. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫానుకు బ్లాంటైర్ చుట్టూ కొండచరియలు విరిగిపడినప్పుడు ఇళ్లు పోయిన కుటుంబాలు వాళ్లింట్లో చాలా రోజులు తలదాచుకున్నాయి. వాళ్లందరికీ జావ కాచింది అప్పటికి 17 ఏళ్లున్న ఈ పిల్లే.

ప్రతి నెలా నాన్నగారు పంపే ప్రార్థన ఉత్తరాన్ని ఇక్కడి మందిరంలో చదివి వినిపించేది మన పెద్దక్క. అందులో "మా ఆడపిల్లలు కూడా సంతోషంగా సేవలో పాలుపొందుతున్నారు" అన్న వాక్యం ఎప్పుడూ ఉంటుంది. మొన్న అది చదివొచ్చిన రోజు రాత్రే చెల్లి దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్: "అక్కా, నువ్వు తప్పించుకున్నావు. నా వంతు ఎప్పుడు?" ఆ అమ్మాయికి గుంటూరు వచ్చి నర్సింగ్ చదవాలని ఉంది. సెకండరీ పూర్తయి ఏడాది దాటింది. అడిగితే అమ్మ బైబిల్లోని అక్కాచెల్లెళ్లను గుర్తుచేస్తూ "మార్తలా విసుక్కోకు, మరియలా ఉండు" అంటుందట. "దేవుని పని మధ్యలో ఆపుతామా?" అంటారట నాన్నగారు.

ఇప్పుడు అమ్మేమో "నువ్వు చెబితే వింటుంది, ఇంకో రెండేళ్లు ఓపిక పట్టమను" అని ఫోన్ చేస్తోంది. చెల్లేమో "నువ్వు చెబితే వింటారు, నన్ను పంపమను" అంటోంది. డిసెంబర్లో అందరూ రెండు నెలలకు గుంటూరు వస్తున్నారు. సెమీ క్రిస్మస్‌ల నుంచి జనవరి కూటాల దాకా ప్రతిచోటా ఆడపిల్లలిద్దరూ ఒకే రకం చితెంజె బట్టతో, అంటే అక్కడి అచ్చు వేసిన నూలు బట్టతో, కుట్టిన గౌన్లు వేసుకుని అక్కడి చిచేవా భాషలో పాట పాడాలి. ఆ వేదిక మీదే చెల్లి ఏదో ఒకటి అనేస్తుందేమోనని ఈమె టెన్షన్. "నేనెవరి తరఫున మాట్లాడాలి? ఎవరి పక్కన నిలబడ్డా రెండోవాళ్లకు ద్రోహం చేసినట్టే కదా?" అని అడిగింది. చివర్లో ఇంకో చిన్న సంగతి. కిందటిసారి వచ్చినప్పుడు చిన్నది అక్కడి అలవాటు ప్రకారం పెద్దవాళ్లకు మోకాళ్ల మీద కూర్చుని మంచినీళ్లిస్తుంటే బంధువులు నవ్వారట. ఈసారి ముందే మాన్పించాలా అని.

అమ్మా, మీ ఉత్తరంలో అందరికంటే ఎక్కువ పని చేస్తున్నది మీ నడిపి చెల్లి. అందరికంటే ఎక్కువ మాటలు మోస్తున్నది మీరు. రాత్రి తొమ్మిదిన్నరకు మీరు పడుకోబోయే వేళకు అక్కడ ఆరవుతుంది, చెల్లి రాత్రి వంట మొదలుపెడుతుంది. ఫోన్ స్పీకర్లో పెట్టి మీకు చెప్పుకుంటుంది. మర్నాడు అమ్మ ఫోన్ చేసి అదే విషయాన్ని రెండో వైపు నుంచి చెబుతుంది. ఒకే ఇంట్లో, గోడకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు మనుషులు గుంటూరు మీదుగా మాట్లాడుకుంటున్నారు! ఇద్దరిలో ఎవరి పక్షమో తేల్చుకునే ముందు, ఈ రాయబారం మీరు చేయాలా వద్దా అన్నది తేల్చుకోండి. చేయొద్దనే నేనంటాను.

అమ్మగారు మార్త, మరియల్ని తీసుకొచ్చారు కాబట్టి నేనూ అక్కడికే వెళ్తాను. లూకా సువార్త పదో అధ్యాయం ఇంకోసారి చదవండి. యేసు ఇంటికొస్తే మార్త పనిలో తలమునకలవుతుంది, మరియ ఆయన మాటలు వింటూ కూర్చుంటుంది. మార్త చెల్లెలితో మాట్లాడదు. వచ్చిన అతిథితో చెబుతుంది, నాకు సాయం చేయమని దానికి మీరు చెప్పండి అని. మీ ఇంట్లో జరుగుతున్నదీ అదే, కాకపోతే ఆ అతిథి స్థానంలో మీరున్నారు. ఇంకో మాట. ఆ అక్కాచెల్లెళ్ల ఊరు బేతనియలో ఆ రోజు వంట ఆగినా మరియ కూర్చోవచ్చు. మీ ఇంట్లో అమ్మగారు కూటంలో కూర్చోగలుగుతున్నదే ఈ పిల్ల పొయ్యి దగ్గర నిలబడుతోంది కాబట్టి. అలాంటి పిల్లను పట్టుకుని మార్తలా ఉండకు అనడం, చెప్పకేం, నాకు నచ్చలేదు. యోహాను సువార్తలో సోదరుడు లాజరు చనిపోయినప్పుడు యేసుకు ఎదురెళ్లి మాట్లాడింది మార్తే అన్నది కూడా అమ్మగారికి తెలియంది కాదు.

అలాగని మీ తల్లిదండ్రులు చెడ్డవాళ్లని నేననుకోవడం లేదు. ఉత్తరమంతా చదివితే ఇద్దరూ ఒళ్లు దాచుకోని మనుషులనే తెలుస్తోంది. చిక్కు ఎక్కడుందంటే, పిలుపు వచ్చింది వాళ్లిద్దరికి. ఆ పిలుపుతో పాటు వచ్చిన ఇంటి చాకిరీ మాత్రం మెల్లగా ఆడపిల్లల మీదికి జారింది. మొదట మీ మీద. మీరు వచ్చేశాక నడిపిదాని మీద. దాన్ని కూడా సేవ అనేసరికి అడగడానికి వీల్లేకుండా పోయింది. సేవ అన్న తర్వాత ఎన్ని గంటలని అడగలేం, ఎప్పటిదాకా అని అడగలేం, అలిసిపోయానంటే విశ్వాసం తగ్గిందంటారు.

మన గుంటూరు వాళ్లు ఇంకో సంగతి గుర్తు చేసుకోవాలి. 1842లో అమెరికా మిషనరీ హేయర్ దొర ఈ ఊరొచ్చినప్పటి నుంచి వందేళ్లకు పైగా మనది మిషనరీలు వచ్చే ఊరు. ఇప్పుడు పంపే ఊరు కూడా అయింది. ఆ రోజుల్లో బంగళాల్లో దొరసానులు స్త్రీలకు చదువు చెప్పడానికో, ఊళ్లు తిరగడానికో వెళ్తే ఇంట్లో వంటవాడు, ఆయా, నీళ్లు మోసే మనిషి ఉండేవారు. పిల్లల చదువుకు అమెరికా మిషనరీలు 1901లో కొడైకెనాల్‌లో బడే పెట్టుకున్నారు. ఆ పిల్లలకు వేరే బాధలుండేవి, నెలల తరబడి అమ్మానాన్నల ముఖం చూడకపోవడం లాంటివి. అది తక్కువ బాధేం కాదు. కానీ దొర కూతురు పొయ్యి ఊదకపోతే పరిచర్య ఆగిపోతుందని ఎవరూ అనలేదు. ఇప్పుడు మన తెలుగు కుటుంబం వెళ్లేసరికి, పనిమనిషిని పెట్టుకున్నారని తెలిస్తే ఇక్కడ కానుక వేసేవాళ్లు ఏమనుకుంటారో అన్న భయం. మీ నాన్నగారు ఆ మాట పైకి అనలేదు, మీరూ రాయలేదు. అయినా నాకు ఆ భయం ఉందనిపిస్తోంది. మలావీలో ఇంటిపనికి మనిషిని జీతమిచ్చి పెట్టుకోవడం మామూలే. పద్ధతిగా జీతమిస్తే అక్కడ ఒక కుటుంబానికి ఆసరా కూడా.

ఇక దారుల సంగతి. నాకు కనిపించినవి చెబుతాను, ఎంచుకోవాల్సింది నేనూ కాదు, మీరూ కాదు.

చెల్లి వచ్చే విద్యా సంవత్సరానికే గుంటూరు వచ్చేయడం మొదటిది. తను కోరుకుంటున్నది ఇదే. వయసు మించిపోకముందే చదువులో పడుతుంది, మీకు తోడవుతుంది. కానీ ఆ పిల్ల వచ్చిన మర్నాడు ఆ వంటిల్లు ఎవరిది? ఎవరూ ఏమీ అనకుండానే 13 ఏళ్ల చిన్నదానిదవుతుంది. మీ నుంచి నడిపిదానికి ఎలా వెళ్లిందో అలాగే. కాబట్టి ఈ దారి పట్టేటట్టయితే అక్కడ పనికి మనిషిని కుదుర్చుకోవడం, ఆదివారం భోజనాలు సంఘంలోని కుటుంబాలు వంతులవారీగా పంచుకోవడం చెల్లి బయలుదేరకముందే మొదలవ్వాలి. తర్వాత చూద్దాం అంటే ఇంకేముంది.

ఇక్కడికొచ్చాక కూడా అంతా సుఖమని చెల్లికి ఆశపెట్టకండి. మూడేళ్ల వయసులో వెళ్లిన పిల్లకు గుంటూరంటే సెలవుల్లో చూసిన ఊరు. అమ్మమ్మ చేసే గోంగూర, అందరూ చుట్టూ చేరి ముద్దు చేయడం. మే నెల ఎండ, హాస్టల్ సాంబారు, తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదని తోటివాళ్లు చేసే వేళాకోళం ఇంకా చూడలేదు. 1950లలో భారతదేశంలో ఉంటున్న అమెరికన్ కుటుంబాలను గమనించిన రూత్ యూసీమ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఇలాంటి పిల్లలకు మూడో సంస్కృతి పిల్లలని పేరు పెట్టారు. తల్లిదండ్రుల ఊరు పూర్తిగా వాళ్లది కాదు, పెరిగిన ఊరూ పూర్తిగా వాళ్లది కాదు. మొదటి ఏడాది మీకెలా గడిచిందో మీరు ఉత్తరంలో ఒక్క ముక్క కూడా రాయలేదు. చెల్లికైనా దాచకుండా చెప్పండి. బస్సెక్కడం తెలియక ఏడ్చారో, మలావీ గుర్తొచ్చి ఏడ్చారో, ఏదైతే అది. తప్పించుకున్నావన్న మాటకు నిజమైన జవాబు అదే.

రెండో దారి, ఒక ఏడాది ఆగడం. అమ్మగారు రెండేళ్లంటున్నారు, అది ఎప్పటికీ రెండేళ్లే ఉంటుందని నా అనుమానం. ఆగేటట్టయితే ఏ నెలలో బయలుదేరుతుందో ఇప్పుడే రాసి పెట్టుకోవాలి, టికెట్‌కూ ఫీజుకూ నెలనెలా డబ్బు పక్కన పెట్టడం మొదలవ్వాలి, ఈ ఏడాది ఆ పిల్లకు రోజులో కొన్ని గంటలు పుస్తకం పట్టుకునే వీలుండాలి. ఈ మూడింట్లో ఏదీ లేకుండా ఆగమంటే అది వద్దని చెప్పడమే. మూడూ ఉంటే మాత్రం చెడ్డ దారి కాదు. చిన్నది కూడా కాస్త ఎదుగుతుంది, అమ్మగారికి పద్ధతి మార్చుకునే వ్యవధి దొరుకుతుంది.

మూడోది మీరెవరూ ఆలోచించినట్టు లేదు. నర్సింగ్ అక్కడే చదవొచ్చు కదా? బ్లాంటైర్‌లోనే కముజు ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయం ఉంది. వైద్య కళాశాలను, నర్సింగ్ కళాశాలను కలిపి 2021లో ఏర్పాటు చేశారు. చెల్లికి చిచేవా వచ్చు. రోగి మంచం పక్కన నిలబడి వాళ్ల భాషలో మాట్లాడగలగడం నర్సుకు ఎంత బలమో ఆసుపత్రిలో నాలుగు రోజులున్న ఎవరినడిగినా చెబుతారు. కానీ విదేశీ విద్యార్థి ఫీజు ఎంతో కనుక్కోవాలి. అక్కడి డిగ్రీతో తర్వాత ఇండియాలో పని చేయాలంటే ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు సంగతి వేరే చూసుకోవాలి. ఇంకొకటి, తరగతులు ఆ ఊళ్లోనే అయితే, దగ్గరే కదా అని ఇంట్లో ఉంటే పగలు క్లాసు, రాత్రి వంట. హాస్టల్లో ఉంటేనే ఈ దారికి అర్థం. చెల్లికి కావాల్సింది నర్సింగా, గుంటూరా, లేక ఆ ఇంటి నుంచి కాస్త ఊపిరా? మీరడిగితే చెప్పగలదు. ఆ జవాబును బట్టి దారి మారుతుంది.

మీరే ఉద్యోగం మానేసి కొన్నాళ్లు అక్కడికెళ్లి ఇల్లు చూసుకుంటే ఎలా ఉంటుందని ఒకచోట అడిగారు. దీనికి మాత్రం నేను ఒప్పుకోను. అప్పుడు పని చేసే చేతులు మారతాయి, పద్ధతి మారదు. మీరు తిరిగొచ్చిన రోజున మళ్లీ మొదటికొస్తుంది. వచ్చేసినందుకు మీ మనసులో ఉన్న అపరాధ భావాన్ని ఉద్యోగం వదిలి తీర్చుకోవాలనుకోకండి. మీరు చదువుకోవడానికి వచ్చారు, తప్పేం చేయలేదు. మేనత్తగారు తెచ్చిన సంబంధం గురించి కూడా రాశారు. ఈ గొడవ తేలేలోపు దాన్ని ముట్టుకోకపోతే మంచిది. ఇంటి సమస్యకు పెళ్లి జవాబు కాదు.

డిసెంబర్ గురించి. వాళ్లు దిగిన వారంలోనే, కూటాలు మొదలవకముందే, నాన్నగారితో చెల్లి స్వయంగా మాట్లాడే ఏర్పాటు చేయండి. మీరు పక్కన కూర్చోండి, మధ్యలో కాదు. రెండు గదుల ఇంట్లో అది కుదరదు, అమ్మమ్మ, చుట్టాలు, పలకరించడానికొచ్చే విశ్వాసులు. నాన్నగారిని, చెల్లిని తీసుకుని ఒక సాయంత్రం విజయవాడ వెళ్లండి, బ్యారేజీ దగ్గర నడుస్తూ మాట్లాడుకోవచ్చు. అమ్మగారిని ఆ రోజు వదిలేయమన్నానని కోపం తెచ్చుకోకండి. ఆవిడతో మాట వేరుగా ఉండాలి, ఎందుకంటే చెల్లి వెళ్తే పని పడేది ఆవిడ మీద. ఆ భయం ఆవిడ నోటితో ఆవిడ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఉపదేశంగా వస్తున్న మాటల వెనక "నేనొక్కదాన్ని ఎలా చేసుకోను?" అన్నది ఉండి ఉంటుంది. ఆ ప్రశ్న బయటికొస్తే దానికి జవాబు వెతకొచ్చు.

చెల్లి ఇక్కడికి బయలుదేరేముందు ఒక పని చేస్తే బాగుంటుంది. ఒక వారం పాటు ఏ పూట ఏ పని చేసిందో, ఎంతమందికి వండిందో కాగితం మీద రాసుకుని తీసుకురమ్మనండి. ఫిర్యాదు కోసం కాదు. మగవాళ్లకు చాలామందికి ఇంటి పని కంటికి ఆనదు, అంకెల్లో చూపిస్తే ఆనుతుంది. నాన్నగారు పల్లెలకు వెళ్లిన ప్రయాణాలకు లెక్క రాసే మనిషే కదా.

ప్రార్థన ఉత్తరం విషయంలో మీ చేతిలో ఒక నిర్ణయం ఉంది, అది మీదొక్కరిదే. ఆడపిల్లలు సంతోషంగా ఉన్నారన్న వాక్యం నిజం కాదని తెలిసీ చదవడం మీకు ముల్లులా గుచ్చుకుంటోంది. మీరే దిద్ది చదవకండి, అది నాన్నగారి ఉత్తరం. "పిల్లల గురించి వాక్యం ఉంటే అది పిల్లలే రాయాలి, లేకపోతే వద్దు, అలా అయితేనే నేను చదువుతాను" అని ఆయనకు చెప్పండి. ఆయన నొచ్చుకోవచ్చు. చదివే పని ఇంకెవరికైనా ఇవ్వొచ్చు. దానికి సిద్ధపడే చెప్పండి. వేదిక మీద పాటకూ ఇదే పద్ధతి. ఏ కూటంలో పాడతారు, ఎక్కడ పాడరు అన్నది చెల్లెళ్లిద్దరినీ ముందే అడగండి. అడిగి ఒప్పుకున్న పిల్ల మైకు ముందు పేలదు. సువార్తికుడైన ఫిలిప్పుకు నలుగురు కూతుళ్లని అపొస్తలుల కార్యాల్లో ఉంది. వాళ్లు ప్రవచించేవారని రాశారు, నాన్న వెనక నిలబడి కోరస్ పాడేవారని కాదు.

చిన్నదాన్ని మాన్పించకండి. మలావీలో పెద్దలకు ఏదైనా ఇచ్చేటప్పుడు ఆడపిల్లలు మోకాళ్ల మీద కూర్చోవడం మర్యాద. మన దగ్గర వంగి కాళ్లకు దండం పెట్టేవాళ్లున్నారు, వాళ్లను చూసి ఎవరూ నవ్వరు కదా. బంధువులకు మీరే ముందు ఒక మాట చెప్పి ఉంచండి. కొన్నాళ్లకు అదే ఇక్కడ నిలబడి ఇవ్వడం నేర్చుకుంటుంది, లేదా నేర్చుకోదు.

ఇక చెల్లి ఏ దారి ఎంచుకున్నా ఇప్పుడే మొదలుపెట్టాల్సింది కాగితాల పని. మలావీలో ప్రైమరీ 8 ఏళ్లు, సెకండరీ 4 ఏళ్లు. మొత్తం 12 అయినంత మాత్రాన అది మన ఇంటర్‌తో సమానమని ఎవరూ ఊరికే ఒప్పుకోరు. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం, అదే ఏఐయూ, నుంచి సమానత పత్రం వస్తుందో లేదో ముందు కనుక్కోండి. ఇక్కడ బీఎస్సీ నర్సింగ్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ ఉండాలి. చెల్లి అక్కడ ఆ సబ్జెక్టులు తీసుకుందో లేదో మీరు రాయలేదు. ఏదైనా తగ్గితే జాతీయ సార్వత్రిక విద్యా పీఠంలో సీనియర్ సెకండరీ రాయొచ్చు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలుంటాయి, ప్రాక్టికల్స్‌కు ఇక్కడ ఉండాల్సి వస్తుందని లెక్క వేసుకోండి. స్థానికత కోటా వర్తిస్తుందా లేదా అన్నది విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయంలో అడగాలి. ఒక రోజు సెలవు పెట్టి మీరే వెళ్లి రావొచ్చు, గుంటూరు నుంచి గంట ప్రయాణం. ఒరిజినల్ సర్టిఫికెట్లు, సిలబస్ కాపీ, స్కూలు హెడ్‌మాస్టర్ సంతకంతో ధ్రువపత్రం డిసెంబర్లో చెల్లి వెంట రావాలి. మళ్లీ పంపించుకోవాలంటే నెలలు పడుతుంది, ఈలోగా అడ్మిషన్లు అయిపోతాయి. ఈ రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ వచ్చినప్పుడు ముందు ఈ జాబితా చెప్పి రాసుకోమనండి.